మారిషసు దీవియందలి స్మారకస్థలములును గానోత్సవములును

హిందూమహాసముద్రమున మడగాస్కరునకు తూర్పుగా సుమారు 800 కిలోమీటరుల దూరమున మారిషసు అను దీవి కలదు. దాని వైశాల్యము సుమారు 1,865 చదరపు కిలోమీటరులు. అనగా పూర్వపు తూర్పుగోదావరి జిల్లాలో నయిదవవంతునకు మించదు. ఈ చిన్నదేశమునకు ప్రాచీనదేశములకు లేని విశేష మొకటి గలదు. 1598లో డచ్చివారు దిగునాటికి ఇచ్చట మానవనివాసము లేదు. డచ్చివారు 1638లో కాపురము పెట్టి 1710లో విడిచిపోయిరి. ఫ్రెంచివారు 1715లో దీనిని స్వాధీనపరచుకొనిరి. 1810లో ఆంగ్లేయులు జయించిరి. 1968 మార్చి 12వ తేదీని ఇది స్వతంత్రమయ్యెను. కావున ఇచ్చట ప్రాచీనరాజుల కోటలుగాని, శిలాశాసనములుగాని కానరావు. ఇచ్చటి ప్రజలందరును ఓడలపై వచ్చినవారి సంతతివారే. అందు పెక్కుమంది పూర్వులు ఆఫ్రికా, మడగాస్కరులనుండి బానిసలుగా తేబడినవారు, లేదా భారతదేశమునుండి ఒడంబడికపై తేబడిన కూలివారు. కోటలు కట్టుటకును శాసనములు వేయించుటకును వారికి శక్తి లేకుండెను. అట్టివారి స్మృతి యెచ్చట నిలిచినది? ఒక కొండ, కొన్ని మెట్లు, కొన్ని పద్దుపుస్తకములు, ఒక డప్పు, స్త్రీలపాటలు: ఈ యైదింటను నిలిచినది. వీనిలో నొక్కొక్కటి తక్కినవి కాపాడజాలని దానిని కాపాడుచున్నది.

దీవికి నైరృతిమూలను లె మోర్న్ బ్రబాన్ అను కొండ సముద్రముచెంత నిటారుగా నిలిచియున్నది. దాని యెత్తు 556 మీటరులు. తోటలనుండి పారిపోయిన బానిసలు ఈ కొండ చరియలందును శిఖరమునను దాగియుండిరి. కొండపైని గుహలలో మనుష్యులు వసించిన చిహ్నములు పరిశోధకులకు లభించినవి. 1835 ఫిబ్రవరి 1వ తేదీని ఈ దీవియందు బానిసత్వము రద్దయ్యెను. ఆ శుభవార్త తెలుపుటకు రక్షకభటులు కొండయెక్కగా, తమ్ము పట్టుకొనవచ్చిరని భ్రమించి, పట్టువడుటకంటె చావు మేలని బానిసలు లోయలోనికి దుమికిరని జనశ్రుతి. ఈ కథకు పత్రనిదర్శనము వెదకుటకంటె, స్వాతంత్ర్యవార్తనైనను నమ్మజాలనంతగా మనుష్యులను భయపెట్టిన కాలమును ఈ కథ యెట్లు చెప్పుచున్నదో గమనించుట మేలు. 2008లో యునెస్కో సంస్థ ఈ కొండను ప్రపంచవారసత్వస్థలములలో చేర్చినది.

బానిసత్వము తొలగుచున్న సమయముననే చెరకుతోటలకు పనివారు కావలసివచ్చిరి. ఒడంబడికకు లోబడినవారిచే ఆ పని జరుగునో జరుగదో పరీక్షించుటకై ఆంగ్లప్రభుత్వము ఈ దీవిని ఎన్నుకొనెను. 1834 నవంబరు 2వ తేదీని ‘అట్లాస్’ అను ఓడపై కలకత్తానుండి 36 మంది వచ్చి పోర్టు లూయీ రేవున దిగిరి. వారి గడువు అయిదేండ్లు, జీతము నెలకు అయిదు రూపాయలు. తిండియు బట్టయు వేరు. ఈ పరీక్ష ఫలించెనని తలచి, ఆ పిమ్మట గయానా, ట్రినిడాడు, నేటాలు, ఫిజీ మున్నగు దేశములకును ఇట్లే జనులను పంపిరి. 1849లో పోర్టు లూయీ రేవున వీరిని దింపుకొనుటకు ప్రత్యేకమొక ఆవరణ ఏర్పడెను. పడవ దిగి మెట్లెక్కినవారిని అచ్చట వరుస నిలువబెట్టి, పేర్లు వ్రాసికొని, వైద్యునిచే పరీక్షింపించి, ఒకటిరెండు దినములుంచి తోటలకు పంపెడివారు. 1920 ప్రాంతమున ఈ పద్ధతి ముగియునాటికి సుమారు నాలుగున్నర లక్షలమంది ఈ దీవికి వచ్చిరి.

ఆ రేవును పూర్వము ‘కూలీ ఘాట్’ అనెడివారు. ఈ పేరు భాషాశాస్త్రజ్ఞులు గమనింపదగినది. తెలుగునను తమిళమునను ‘కూలి’ యనగా పనికి వచ్చు వేతనము. ఆంగ్లమున చేరిన పదమునకు మూలము ఈ ద్రావిడపదమే యని కొందరును, గుజరాతునందలి కోలీజాతి పేరని కొందరును చెప్పుదురు. మొదటిమతము నిజమైనచో వేతనముపేరే వేతనము పుచ్చుకొనువానికి పేరైనదనుట. మారిషసునందు ఆ పదము తిట్టుగా పరిణమించెను. తాతలు ఆ మెట్లెక్కివచ్చిరని చెప్పుకొనుటకు మనుమలు సిగ్గుపడినకాలము కలదు. అందుచే ఆ యావరణను కాపాడవలెనన్న తలంపు చాలకాలము కలుగలేదు. కట్టడములు వేరుపనులకు వినియోగపడెను. రహదారి నిర్మాణమున కొంతభాగము పోయెను. 1860 ప్రాంతమున నున్నదానిలో సగమునకు తక్కువయే యిప్పుడు మిగిలినది: మెట్లు, వైద్యశాలలో కొంతభాగము, ద్వారపాలకుని గది, కొన్ని గోడలు. 1987లో దీనిని జాతీయస్మారకముగా ప్రకటించి ‘ఆప్రవాసీ ఘాట్’ అని పేరుమార్చిరి. ఆప్రవాసి యనగా వచ్చి నివసించువాడు. 2006లో యునెస్కోవారు దీనిని ప్రపంచవారసత్వములో చేర్చిరి. రాయి మారలేదు, పేరు మారినది. పేరు మారినపిమ్మటనే రాతికి రక్షణ కలిగినది.

గోడలు చెప్పజాలని విషయములను పద్దుపుస్తకములు చెప్పుచున్నవి. మోకాపట్టణమందలి మహాత్మాగాంధీ సంస్థ 1970లో స్థాపింపబడినది. వచ్చినవారి పేరు, తండ్రిపేరు, వయస్సు, కులము, గ్రామము, ఒడలిపై గుర్తులు వ్రాయబడిన సంపుటములు అచ్చట భద్రపరుపబడినవి. తరువాతికాలపువారికి ఛాయాచిత్రములును గలవు. వ్రాసినవారు చెవికి వినబడినట్లు వ్రాసిరి గనుక పేర్లు రూపుమారినవి. తెలుగు ‘అప్పడు’ ఫ్రెంచి వర్ణక్రమమున ‘అప్పాదూ’ అయి, ఒక్కని పేరు వంశమునకు ఇంటిపేరై నిలిచినది. గోదావరీముఖమునందలి కోరంగిరేవు నామమునుబట్టి తెలుగువారిని ఇచ్చట ‘కోరంగీలు’ అనిరి. 1839 తుపానున ఆ రేవు నాశమందినను, దాని పేరుమాత్రము సముద్రము దాటి మిగిలినది.

ఇక పాటల సంగతి. బానిసలసంతతివారి గానమునకును నృత్యమునకును ‘సెగా’ అని పేరు. ఈ పేరునకును తెలుగు ‘సెగ’కును సంబంధము లేదు, కాని దాని ముఖ్యవాద్యమైన ‘రవాన్’ మేకతోలు మూసిన గుండ్రని డప్పు. తెలుగునాట డప్పునకువలెనే దానికిని వాయించుటకు ముందు మంటచెంత సెగ చూపుదురు. గింజలుపోసి ఊపెడి ‘మరవాన్’ అను చదునైన పెట్టెయు, ఇనుప త్రికోణమును దానికి తోడు. పాట క్రెయోలుభాషలో అప్పటికప్పుడు కట్టబడును. తోటలయజమానులును క్రైస్తవపురోహితులును దీనిని చాలకాలము నీచముగా చూచిరి. 1964లో లె మోర్న్ కొండపాదమున జరిగిన సెగారాత్రియందు టీ ఫ్రేర్ అను గాయకుడు (1900–1992) సెగారాజుగా సన్మానింపబడెను. 2014లో యునెస్కోవారు సెగాను అమూర్తవారసత్వముగా గుర్తించిరి. మరియొకవైపున ధనికులకై 1822లో తెరువబడిన పోర్టు లూయీ నాటకశాల శిథిలమై యేండ్లతరబడి మూతపడియుండెను. రాతికప్పుగల కళకంటె కప్పులేని కళయే యెక్కువ గట్టిదని తోచును.

భోజపురీస్త్రీల ‘గీత్ గవాయి’ 2016లో అట్టి గౌరవమే పొందినది. పెండ్లికి ముందు ముత్తైదువలు గుమిగూడి భూదేవిని పూజించి, లోటా, పళ్లెము, చెంచాలను తాళముగా మ్రోగించుచు పాడి తుదకు నర్తింతురు. ఉత్సవములలో మిక్కిలి పెద్దది మహాశివరాత్రి. 1898 మొదలుకొని యాత్రికులు కావళ్లు మోసికొని కాలినడకను గ్రాండ్ బసేన్ అను కొండచెరువునకు పోవుచున్నారు. 1972లో గంగాజలము కలిపినందున దానికి గంగా తలావో అని పేరు కలిగినది. తమిళుల కావడి, మరాఠీల వినాయకచవితి, మహమ్మదీయుల ఈదు, చీనావారి వసంతోత్సవములతోపాటు తెలుగువారి ఉగాదియు ఇచ్చట ప్రభుత్వపు సెలవుదినము. 1947లో ఆంధ్రమహాసభ వెలసినది. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు ఇచ్చటనే జరిగినవి. దీపముచుట్టును తిరుగుచు పాడు రామభజన తెలుగుకుటుంబములలో నేటికిని నడచుచున్నది.

ఈ యుత్సవముల వైభవమును చూచి అంతయు సురక్షితమని తలపరాదు. 2000 జనగణనలో ఇంట భోజపురి మాటలాడువారు నూటికి పండ్రెండుగురుండగా, 2011 నాటికి నూటికి అయిదుగురుమాత్రమే యుండిరి. ఇంటింట క్రెయోలుభాషయే వ్యాపించినది. గీత్ గవాయి యునెస్కో పట్టికలో చేరిననాటికి ఆ పాటలభాష ఇండ్లనుండి తొలగుచునేయుండెను. అందుచే పాటలను నేర్పుటకు ప్రత్యేకపాఠశాలలు పెట్టిరి. తెలుగువారి విషయమును ఇట్టిదే: భజన నిలిచినను దాని మాటలయర్థము తెలిసినవారు తగ్గినచో, నిలుచునది రాగమొక్కటియే. సెగా మాత్రము ఇంటభాషలోనే యుండుటచే క్రొత్తపాటలు పుట్టుచున్నవి.

దీనివలన తేలునది యేమనగా, రాతిని కాపాడుటకు ప్రభుత్వశాసనము చాలును. పుస్తకమును కాపాడుటకు పొడిగది చాలును. పాటకు మాత్రము ఆ భాషలో బిడ్డను జోకొట్టు తల్లి కావలెను. ఘాటుమెట్లు నశింపకముందే మారిషసువారు మేల్కొనిరి గనుక సగమైనను దక్కినది. భోజపురి, తెలుగు పాటలవిషయమున అట్టి మేలుకొలుపు బడులలో ఆరంభమైనది. అది ఇండ్లకు చేరుటయే మిగిలియున్నది.