దారిలా కనిపించే నది

ఒమన్, యుఏఈ దేశాల్లో విస్తరించిన హజర్ కొండల్లో పచ్చదనం చాలా తక్కువ. నిలువెత్తు రాతి గోడల మధ్య చదునుగా, గులకరాళ్ళు పరిచినట్టు సాగే ఎండు వాగులు మాత్రం లెక్కలేనన్ని. వాటిని అక్కడ వాదీలంటారు. సెలవు రోజున ఫోర్ బై ఫోర్ బండ్లలో వాటిని చూడటానికి వెళ్ళేవాళ్ళలో గల్ఫ్‌లో ఉద్యోగాలు చేసుకునే మనవాళ్ళూ ఉంటారు. అక్కడ దారి తప్పితే కుడి ఎడమల బండి ఎక్కలేని బండలు, ఎదురుగా బండి సాఫీగా పోగలిగే వాదీ. ఎవరైనా వాదీలోకే తిప్పుతారు. ఆ నేలను అంత చదునుగా పరిచింది వరదే. మళ్ళీ వచ్చేటప్పుడు వరద ఆ దారినే వస్తుంది.

ఎడారిలో ఎంత వాన పడినా ఇసుక తాగేస్తుందని చాలామంది నమ్మకం. ఇసుక దిబ్బల వరకు అది నిజమే. హజర్‌లో ఉన్నది రాయి. రాళ్ళ నడుమ ఉన్న కాస్త మట్టి కూడా పెద్ద చినుకుల దెబ్బకు గట్టిపడి, దాని సన్నని రంధ్రాలు పూడుకుపోతాయి. నేల ఇంకించుకోగల వేగాన్ని వాన వేగం మించితే మిగిలిన నీరంతా పైపైనే పారుతుందని అమెరికా జలశాస్త్రవేత్త రాబర్ట్ హోర్టన్ 1933లో వివరించాడు. నీటిని నిలవరించే గడ్డీ, వేర్లూ, ఆకుల చెత్తా లేని కొండల్లో ఆ పారుదల నిమిషాల్లో మొదలవుతుంది. పదుల చదరపు కిలోమీటర్ల మీద పడిన నీరు ఒక్క ఇరుకు సందులోకి చేరుతుంది.

2024 ఏప్రిల్ 16న అల్ ఐన్ ప్రాంతంలోని ఖత్మ్ అల్ షక్లాలో 24 గంటలైనా గడవకముందే 254 మిల్లీమీటర్ల వాన కురిసింది. 1949లో లెక్కలు మొదలైనప్పటి నుంచి యుఏఈలో అంత వాన నమోదు కాలేదు. అంతకు రెండు రోజుల ముందు ఒమన్‌లోని సమద్ అల్ షాన్‌లో బడిపిల్లలున్న వాహనం వరదలో కొట్టుకుపోయి పలువురు చిన్నారులు చనిపోయారు.

మనం నిలబడిన చోట వాన పడకపోయినా ఈ ముప్పు తప్పదు. 1997 ఆగస్టు 12న అమెరికాలోని అరిజోనాలో, ఆంటిలోప్ కాన్యన్ అనే సన్నని రాతి సందులో 11 మంది పర్యాటకులు వరదలో చనిపోయారు. ఉరుముల వాన కురిసింది వాళ్ళకు కొన్ని కిలోమీటర్ల ఎగువన. అందుకే వాదీలో ఉన్నప్పుడు నడినెత్తిన ఉన్న ఆకాశం కన్నా ఎగువ కొండల మీది ఆకాశాన్ని ఎక్కువగా గమనించాలి. గుడారం వేసే ముందు గోడల వైపూ చూడాలి. రాతి పగుళ్ళలో మనిషి ఎత్తున ఎండు కొమ్మలు, చెత్త చిక్కుకుని ఉంటే ఇంతకుముందు నీరు అంత ఎత్తున పారిందన్నమాట.

పెద్ద బండి ఉందన్న ధైర్యం ఇక్కడ పనికిరాదు. రెండు టన్నుల ఎస్‌యూవీ అడుగుభాగం సుమారు 9 చదరపు మీటర్లు ఉంటుంది. నీరు అడుగుభాగాన్ని తాకిన తర్వాత పెరిగే ప్రతి 10 సెంటీమీటర్లకూ దాదాపు 900 కిలోల బరువును పైకి ఎత్తేస్తుంది. లోపలికి నీరు చొరబడకముందే, అలా మొత్తం 22 సెంటీమీటర్లు పెరిగేసరికి టైర్లకు నేల మీద పట్టు పోతుంది. ఇక ప్రవాహం వేగం రెట్టింపైతే అది తోసే బలం నాలుగు రెట్లవుతుంది. ఆ నీటిలో బురదా, దొర్లే రాళ్ళూ ఉంటాయి. యుఏఈ 2023లో తెచ్చిన నిబంధన ప్రకారం, వరద పారుతున్న వాదీలోకి బండి దింపితే 2,000 దిర్హమ్‌ల జరిమానా, 60 రోజుల పాటు బండి జప్తు. ఈ కఠినత్వం పూర్తిగా సమంజసమనే నా అభిప్రాయం.

వరద వస్తోందని తెలిస్తే బండిని, సామాన్లను వదిలేసి ఎత్తుకు ఎక్కాలి. వరద తీశాక చేయాల్సింది దీనికి పూర్తిగా విరుద్ధం. నీరు పోయాక పాత చక్రాల జాడలు ఉండవు, మ్యాపులో ఉన్న బాట బురద మేట కింద ఉంటుంది, రాతి గోడల మధ్య ఫోన్‌కు సిగ్నల్ అందదు. బండి మిగిలి ఉంటే అప్పుడు దాన్ని విడిచి నడవడం ప్రాణాంతకం. ఎండలో నడిచే మనిషి గంటకు లీటరు నీటిని చెమటగా పోగొట్టుకోగలడు. 1996లో కాలిఫోర్నియాలోని డెత్ వ్యాలీలో దారి తప్పిన ఒక జర్మన్ కుటుంబం వ్యాను కొన్ని నెలలకే దొరికింది. అందులోని పెద్దవాళ్ళ ఎముకలు బయటపడింది మాత్రం 2009లో, వ్యానుకు ఎన్నో కిలోమీటర్ల దూరాన.

వెతికేవాళ్ళ కష్టం దూరంతో పాటు వర్గాల లెక్కన పెరుగుతుంది. మనిషి 10 కిలోమీటర్ల లోపు ఉన్నాడంటే గాలించాల్సింది 314 చదరపు కిలోమీటర్లు. 20 కిలోమీటర్లయితే 1,256. ఏ వాదీకి వెళ్తున్నదీ, ఎన్నింటికి తిరిగొస్తామన్నదీ గదిలో ఉన్న స్నేహితుడికి చెప్పి బయల్దేరితే ఆ గాలింపు ఒక్క వాదీకే పరిమితమవుతుంది.