విద్వత్పరిషత్తు – జాతి బాధ్యత

పొలమును తండ్రి కుమారున కప్పగింపగలడు. జ్ఞానము నట్లప్పగించుటకు మాత్రము వ్యక్తుల యాయువును మించి బ్రతుకు సంస్థ కావలెను. ఈ సత్యమును మన చరిత్రమే మనకు నేర్పినది.

1906వ సంవత్సరమున హైదరాబాదులో కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు, గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు, రావిచెట్టు రంగారావుగారు మొదలగువారు విజ్ఞానచంద్రికామండలిని స్థాపించిరి. ఆ మండలి గ్రంథమాలయందు అబ్రహాము లింకను చరిత్రమును గలదు, ఆచంట లక్ష్మీపతిగారి జీవశాస్త్రమును గలదు. శాస్త్రములును మానవవిద్యలును ఒక్క యింటి బిడ్డలేయని వారెఱింగియుండిరి. మునగాల సంస్థానమున దివానుగిరి నిర్వహించుచునే లక్ష్మణరావుగారు ఈ కృషి సలిపిరి.

పిదప వారు ఆంధ్రవిజ్ఞానసర్వస్వమునకు బూనుకొనిరి. మూడు సంపుటములు వెలువడినవి. 1923లో వారు కాలధర్మము నొందిరి. వర్ణమాల తొలిమెట్లు దాటకమునుపే యా మహాకార్యము నిలిచిపోయినది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు దానిని పునరుద్ధరింప యత్నించిరి. 1938లో వారును గతించిరి. లోపము ఆ మహనీయులది కాదు. జాతియంతయు మోయవలసిన బరువును ఒక్కొక్కని భుజములపై మోపి, మనము సభలలో చప్పట్లు చఱచి యూరకుంటిమి.

1968లో హైదరాబాదున తెలుగు అకాడమి యేర్పడిన పిమ్మట కళాశాల విద్యార్థులకు తెలుగున పాఠ్యగ్రంథములును, పారిభాషిక పదకోశములును లభించినవి. ఇది సామాన్యమైన మేలు గాదు. కాని విద్వత్పరిషత్తు పని పరీక్షలతో ముగియునా? పైరునకు దగిలిన తెగులునుగూర్చి రైతును, అంటువ్యాధినిగూర్చి గృహిణియు, చట్టమునుగూర్చి పౌరుడును అడుగు ప్రశ్నలకు వారి భాషలోనే ప్రామాణికమైన సమాధాన మొసగుట దాని ధర్మము. శాస్త్రజ్ఞుడు విషయమును దెలుపవలెను, భాషావేత్త దానికి మాటను గూర్పవలెను. ఆ మాట చెల్లునో చెల్లదో వాడుకచేయు ప్రజలు నిర్ణయింపవలెను. ఈ మువ్వురిని ఒక్కచోట గూర్చునది పరిషత్తు.

2014లో రాష్ట్రములు రెండైనవి. భాష రెండు కాలేదు. ఒకే భావమునకు ఇరుచోట్ల వేర్వేఱు పారిభాషికపదములు పుట్టినచో నష్టపడువాడు విద్యార్థి. కనుక ఈ కార్యమున ఉభయరాష్ట్రముల పండితులును కలసి పనిచేయుట యవశ్యకము.

సర్వభారమును ప్రభుత్వముపై ద్రోయుటయు న్యాయము కాదు. భూవసతిగల గృహస్థులు తమ గ్రామ గ్రంథాలయమున కేటేట కొన్ని శాస్త్రగ్రంథములు కొనియీయలేరా? పట్టణములందలి వైద్యులు, న్యాయవాదులు, ఉపాధ్యాయులు తాము నేర్చినదానిని తెలుగున వ్రాయలేరా? పూర్వులు ఒంటరిగ నారంభించి విడిచిన పని మనకు ఋణమై నిలిచియున్నది. సంస్మరణసభలతో నీ ఋణము తీరదు.