ఒకే సిరా, మూడు రంగులు

2024లో శ్రీవిజయపురమని పేరు మారినా చాలామంది నోట పోర్ట్ బ్లెయిర్ ఇంకా పోర్ట్ బ్లెయిరే. ఆ ఊరి నడిబొడ్డున అబర్డీన్ బజార్. గడియారస్తంభం చుట్టూ బంగ్లా, తమిళం, హిందీ మాటల సందడి. ఆ సందడిలోంచి ఉన్నట్టుండి "వంజరం ఎంతమ్మా?" అని మన మాట చెవిన పడుతుంది. ఉత్తరాంధ్ర తీరం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినవాళ్ల మాట అది.

పగడపు దిబ్బల ఊరు కదా, రంగుల జాతరే చూస్తామనుకుంటాం. చేపల బుట్టలోకి తొంగిచూస్తే కనబడేవి నలుపు, బూడిద, తెలుపు.

వంజరాన్నే చూడండి. వీపు ముదురు బూడిద, పొట్ట వెండి. పైనుంచి చూసే పక్షికి వీపు లోతునీళ్లలో కలిసిపోతుంది. కింద పొంచివున్న సొరకు పొట్ట ఆకాశపు వెలుగులో కరిగిపోతుంది. అంతేకాదు, ఎండ వీపును మెరిపించి పొట్టను నీడలో పెడితే, చేప ఒంటిరంగు సరిగ్గా దానికి తలకిందులు. చెల్లుకు చెల్లు! గుండ్రని ఒళ్లు పలకలా కనబడుతుంది. 1896లో ఈ కిటుకును వివరించినవాడు అమెరికా చిత్రకారుడు అబ్బాట్ థాయర్. నీడ లేకపోతే బొమ్మకు ఒంపు రాదని కుంచె పట్టినవాడికి తెలియదా!

బజారు దాటి ఒడ్డుకు దిగి, ఆటు వేళ రాళ్లమీద చూడండి. ఇక్కడి రీఫ్ కొంగ కొన్నిసార్లు పలకలా బూడిదరంగు, కొన్నిసార్లు పాలతెలుపు. రెండు జాతులనుకునేరు. ఒకటే జాతి, రెండు రంగులవీ జతకడతాయి, ఒకే నీళ్లలో వేటాడతాయి.

దీవి నుంచి దీవికి పండ్ల కోసం ఎగిరే పెద్ద పావురం ఒకటుంది. ఒళ్లంతా మీగడ తెలుపు, రెక్కల పెద్ద ఈకలు, తోక చివర మాత్రం నలుపు. సోకు కోసమే కాదు ఆ నలుపు. ఈకను నల్లగా చేసే మెలనిన్ దాన్ని గట్టిపరుస్తుంది కూడా. గాలి రాపిడి ఎక్కువగా తగిలేచోట నల్ల ఈక తొందరగా అరగదు.

మరి తెలుపు? అది పూసిన రంగు కాదు. అల నురగ తెల్లగా ఉండటానికి అందులో సున్నమేమీ కలవలేదు. బుడగలు వెలుగును చెదరగొడతాయి, అంతే. ఈకలోని సన్నని గాలి గదులూ ఆ పనే చేస్తాయి. మెలనిన్ నిండుగా ఉంటే నలుపు, పలచబడితే బూడిద, లేకపోతే తెలుపు.

మళ్లీ బుట్ట దగ్గరికొస్తే, ఓ మూల కటిల్ ఫిష్ చిమ్మిన సిరా మరక. పగవాడి కళ్లుగప్పడానికి అది దాచుకున్న ఆ నలుపూ మెలనినే. బేరమాడుతూ తలెత్తితే ఎదురుగా చేపలమ్మే ముసలమ్మ ముడి. దగ్గరగా చూస్తే కొన్ని వెంట్రుకలు నల్లన, కొన్ని తెల్లన. నాలుగడుగులు వెనక్కి వేస్తే తలంతా బూడిదవన్నె. సముద్రం వాడుకునే సిరాతోనే మన తలరాతా.