ముద్ద కలిపి పెట్టని కోడిపెట్ట

ఆ రాత్రి మా చెల్లెలు అన్నం ముట్టలేదు. "నేను పిల్లని ప్రేమగా చూడట్లేదటక్కా!" అని ఒకటే ఏడుపు.

సంగతేమిటంటే, పల్లెటూరి బడిలో గలగలా మాట్లాడే దాని ఆరేళ్ళ కూతురు టౌనులో ఇంగ్లీషు మీడియంలో చేరాక క్లాసులో నోరు విప్పడం మానేసింది. టీచరు చెప్తే కౌన్సెలరు దగ్గరికి తీసుకెళ్ళారు. ఆవిడ బొమ్మలు చూపించి కథలు చెప్పమంది. ఒక బొమ్మలో కోడిపిల్లలు బల్ల చుట్టూ కూర్చున్నాయి. మధ్యలో పెద్ద గిన్నె. ఓ పక్కన మసగ్గా పెద్ద కోడి.

"వాళ్ళమ్మ ఊరికే నిలబడింది. కలిపి పెట్టట్లేదు. వాటికి ఆకలేస్తోంది" అందిట మా పిల్ల. తల్లి పట్టించుకోవడం లేదని బెంగ పెట్టుకుందని తేల్చేసిందావిడ.

కథలు రాసేదాన్ని కదా, ఒక చిన్న కథతో తల్లి మనసు కొలిచేయడం నాకు మింగుడుపడలేదు. ఆ పరీక్ష గురించి వెతికి చదివాను. దాని పేరు చిల్డ్రన్స్ యాపర్సెప్షన్ టెస్ట్. 1949లో అమెరికాలో లియోపోల్డ్ బెలాక్, సోన్యా బెలాక్ తయారుచేశారు. పది బొమ్మలూ జంతువులవే. పిల్లలు జంతువులతో ఇట్టే కలిసిపోతారని వాళ్ళ ఆలోచన. నిజమే! జంతువుకి దేశం లేకపోవచ్చు. కానీ అది కూర్చునే కుర్చీకి, తినే పద్ధతికి దేశం ఉంటుందిగా? ఇంకో బొమ్మలో టోపీ పెట్టుకున్న కంగారూ ఉంది. మన పిల్లల్లో ఎంతమంది దాన్ని చూసి ఉంటారు?

ఈ సందేహం పెద్దవాళ్ళ బొమ్మల పరీక్షకీ వచ్చింది. 1943లో హార్వర్డ్ నుంచి హెన్రీ మర్రే ప్రచురించిన బొమ్మల్లో చాలావరకు తెల్లవాళ్ళే. 1949లో చార్లెస్ థామ్సన్ నల్లజాతివారి కోసం వాటిని మార్చి గీయించారు. మన దేశంలో ఉమా చౌధురి 1960లో భారతీయ రూపం తెచ్చారు. పిల్లల పరీక్షకీ ఆవిడ మన రూపం ఇచ్చారు.

అయితే బొమ్మకి చీర కట్టినంత మాత్రాన సరిపోదు. అదే బొమ్మకి ఇక్కడి పిల్లలు మామూలుగా ఏం కథ చెప్తారో ముందు పోగుచెయ్యాలి. ఏది అందరూ చెప్పేదో తెలిస్తేనే కదా, ఏది ఈ పిల్ల గుండెలోదో తెలిసేది!

మర్నాడు చెల్లెలితో నేనూ వెళ్ళాను. "మా ఇంట్లో ఎలా తింటారో పిల్లనోసారి అడగండి" అన్నాను. ఆవిడ మంచి మనిషి, విసుక్కోలేదు. తెలుగులో అడిగింది. "అమ్మ బేసిన్లో అన్నం కలిపి అందరికీ చేతిలో ముద్దలు పెడుతుంది. నాకు పెద్ద ముద్ద!" అంది పిల్ల, చెయ్యి చాపి చూపిస్తూ.

కౌన్సెలరు కాసేపు మాట్లాడలేదు. తర్వాత తను రాసుకున్నది కొట్టేసింది. పిల్ల మౌనానికి కారణం అర్థంకాని ఇంగ్లీషేమో ముందు చూద్దామంది.

ఈ పరీక్షలు దండగని నేననను. మీ పిల్లల్ని తీసుకెళ్తే మాత్రం కథ వాళ్ళ భాషలోనే చెప్పించమనండి. మీ ఇంటి అలవాట్లు మీరే చెప్పండి. ఒక్క కథ విని ఎవరైనా తీర్పు చెప్తే, ఇంకో ప్రశ్న అడగమనండి.

ఆ రాత్రి బేసిన్ ముందు మొదటి ముద్ద మా చెల్లెలికి నేను పెట్టాను.