అర్ధరాత్రి మోగిన ఫోను

న్యూజెర్సీలో అర్ధరాత్రి అయ్యేసరికి గుంటూరులో పొద్దెక్కి ఉంటుంది. అక్కడివారు తెల్లవారాక చెప్పదలచిన కబురు ఇక్కడివారికి నడిరేయి చేరుతుంది. ఫోను మోగగానే గుండె ఝల్లుమంటుంది. అమ్మకు ఏమైందో! తీరా చూస్తే అది రాంగ్ నంబరు. అయినా ఆ దడ వెంటనే తగ్గదు, నిద్ర రాదు.

ఆ క్షణాన మూత్రపిండాలపై టోపీల వలె అమరిన ఎడ్రినల్ గ్రంథులు ఎడ్రినలిన్‌ను రక్తంలోకి వదులుతాయి. నాడి వేగం, రక్తపోటు పెరుగుతాయి, జీర్ణక్రియ మందగిస్తుంది. కొద్ది నిమిషాలకు అవే గ్రంథులు కార్టిసాల్‌ను స్రవించి రక్తంలో చక్కెరను హెచ్చిస్తాయి. పులి ఎదురైనప్పుడు పోరాడడానికో, పారిపోవడానికో ప్రకృతి చేసిన ఏర్పాటిది. ఫోను నుంచి ఎక్కడికి పారిపోవడం?

1936లో మాంట్రియల్ నగరంలో హాన్స్ సెల్యే ఎలుకలపై ప్రయోగాలు చేశారు. చలి, గాయం, అతిశ్రమ, మందుల ప్రభావం, వీటిలో బాధ ఏదైనా ఫలితం ఒక్కటే. ఎడ్రినల్ గ్రంథులు ఉబ్బాయి, వ్యాధినిరోధానికి తోడ్పడే థైమస్ గ్రంథి కుంచించుకుపోయింది, కడుపులో పుండ్లు పడ్డాయి. అటుపై మనుషుల అల్సర్లకు కూడా దశాబ్దాల పాటు మనోవ్యథనే నిందించారు. ఆస్ట్రేలియా వైద్యులు బారీ మార్షల్, రాబిన్ వారెన్ 1980లలో అసలు దోషిని పట్టుకున్నారు: హెలికోబ్యాక్టర్ పైలోరి అనే సూక్ష్మజీవి. దానికి 2005లో నోబెల్ బహుమతి లభించింది. కనుక కడుపునొప్పిని “టెన్షన్” ఖాతాలో వేసి ఊరుకోవడం తగదు.

అట్లని ఒత్తిడి నిర్దోషి కాదు. ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు 1995లో ఒక విచిత్రమైన పరీక్ష చేశారు. మతి తప్పిన పెద్దలకు ఏళ్ల తరబడి సేవ చేస్తున్న 13 మంది స్త్రీలకు, ఆ భారం లేని మరో 13 మందికి చేతిపై 3.5 మిల్లీమీటర్ల చిన్న గాయం చేసి, మానేదాకా గమనించారు. సేవ చేస్తున్నవారికి సగటున 9 రోజులు ఆలస్యంగా మానింది. దిగులు చర్మం దాకా దిగుతుందన్నమాట.

ఉపశమనానికి ఖర్చు లేదు. నిమిషానికి ఆరు చొప్పున నెమ్మదిగా శ్వాసిస్తే, అందులోనూ నిశ్వాసాన్ని సాగదీస్తే, వేగస్ నాడి గుండె వేగాన్ని తగ్గిస్తుంది. ఒకే మాటను మననం చేయడం శరీరాన్ని శాంతపరుస్తుందని హార్వర్డ్ వైద్యుడు హెర్బర్ట్ బెన్సన్ 1975లో గ్రంథమే రాశారు. జపమాల తిప్పే బామ్మలు వింటే నవ్వుకునేవారేమో. రోజూ అరగంట నడక, వేళకు నిద్ర సరేసరి. ఛాతీలో నొప్పి వస్తే మాత్రం ఇవేవీ కాదు, తక్షణం ఆసుపత్రికి వెళ్లాలి.

ఇక ఫోను సంగతి. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు తల్లిదండ్రుల బాగోగులు పంచుకుని, మాట్లాడుకునేందుకు ఒక వేళ నియమించుకోవచ్చు. న్యూజెర్సీలో శనివారం రాత్రి తొమ్మిదింటికి గుంటూరులో ఆదివారం ఉదయం, పెద్దలు కాఫీ తాగే సమయం.