కోస్తా చెమ్మలో వినైలు పలకల బేరం: సరుకు మేలైనదైనా గచ్చు ఆరకుంటే నష్టమే

(వాణిజ్య విలేఖరి)

విశాఖపట్నం: కోస్తా పట్టణాల్లో టైల్సు, గ్రానైటు దుకాణాల సరసన ఇప్పుడు లగ్జరీ వినైలు ప్లాంకుల నమూనాలు కూడ కనిపిస్తున్నాయి. చూపులకు టేకు చెక్కలా ఉండి, నీటికి ఉబ్బని ఈ పలకలకు కొత్త ఫ్లాట్లలోను, పాత ఇండ్ల మరమ్మతుల్లోను గిరాకీ ఉంది. అయితే సరుకు అమ్ముడుపోవడం ఒక ఎత్తు, ఒక వర్షాకాలం గడిచిన తరువాత కూడ అది నేలను వీడకుండా ఉండడం మరొక ఎత్తు. పలకల అంచులు లేచినా, అడుగున బూజు వాసన వచ్చినా ఇంటి యజమాని ముందుగా వచ్చేది ఫ్యాక్టరీకి కాదు, బిల్లు రాసిన దుకాణానికి. కాబట్టి ఈ సరుకులో దిగిన వర్తకులు ధరవరలతోపాటు పరిచే పద్ధతిని కూడ తెలుసుకొనక తప్పదు.

సరుకు రకాలు

మార్కెట్టులో ప్రధానంగా రెండు రకాలు నడుస్తున్నాయి. మొదటిది 2 నుండి 3 మిల్లీమీటర్ల మందంతో, జిగురు రాసి నేలకు అంటించేది. రెండవది 4 నుండి 6 మిల్లీమీటర్ల మందంతో, ఒక పలక అంచును మరొక పలక గాడిలో బిగించే ఎస్.పి.సి. రకం. దీనికి జిగురు అవసరం లేదు. నేలకు అంటకుండా, చాపలా పరుచుకుని ఉంటుంది.

బేరంలో తరచు తికమక కలిగించేది పైపొర కొలత. దీనిని కొందరు మిల్లీమీటర్లలోను, కొందరు 'మిల్' లెక్కలోను చెబుతారు. మిల్ అంటే అంగుళంలో వెయ్యోవంతు. 12 మిల్ అంటే దాదాపు 0.3 మిల్లీమీటరు, 20 మిల్ అంటే 0.5 మిల్లీమీటరు. ఇండ్లకు మొదటిది సరిపోతుంది. దుకాణాలు, ఆఫీసులకు రెండవది గాని, అంతకు మించినది గాని కావాలి. పలక మొత్తం మందం చూసి ధర కట్టి, పైపొర మందం అడగకుండా కొన్నవారు నష్టపోయినట్లే.

మరొక జాగ్రత్త కూడ అవసరం. చెక్కపొడి అట్టతో చేసిన లామినేటు పలకలు పైకి ఇలాగే కనిపిస్తాయి. అవి చెమ్మకు అంచుల వద్ద ఉబ్బుతాయి. కోస్తాలో రెండింటినీ ఒకే మాటతో 'వుడెన్ ఫ్లోరింగు' అని అమ్మడం తగాదాకు నాంది.

ముడిసరుకు లెక్క

ఎస్.పి.సి. పలక బరువులో అధిక భాగం సున్నపురాతి పొడి. మిగిలినది ప్రధానంగా పి.వి.సి. రెసిను. పి.వి.సి.లో బరువు ప్రకారం 57 శాతం వరకు క్లోరిను ఉంటుంది. అది ఉప్పు నుండి వచ్చేది. మిగతా భాగం ఇథిలీను వంటి హైడ్రోకార్బన్ల నుండి వస్తుంది. కాబట్టి రెసిను ధరపై ముడిచమురు, కాస్టిక్ సోడా రంగం రెండింటి ప్రభావమూ ఉంటుంది. దేశంలో వాడే రెసినులో పెద్ద భాగం దిగుమతి కావడం వల్ల డాలరు మారకపు రేటు కూడ లెక్కలోకి వస్తుంది. వర్షాలు ముదిరినప్పుడు వ్యవసాయ పైపుల గిరాకీ తగ్గుతుంది గనుక రెసిను బేరాలు మందగించడం మామూలే.

రెసిను ధర పెరిగినంత శాతమూ పలక ధర పెరగనవసరం లేదు. అలాగని బరువులో వాటాను బట్టి ఖర్చులో వాటాను అంచనా వేయడం కూడ పొరపాటే. రాతిపొడి చవక, రెసిను ఖరీదు.

రవాణా విషయానికి వస్తే, 4 మిల్లీమీటర్ల ఎస్.పి.సి. పలక చదరపు మీటరుకు సుమారు 8 కిలోలు తూగుతుంది. అంటే 100 చదరపు అడుగులకు 75 కిలోల లోపు. 9 మిల్లీమీటర్ల విట్రిఫైడు టైలు చదరపు మీటరుకు 20 కిలోల పైమాట. లారీ బాడుగ లెక్కించేవారికి ఈ తేడా చిన్నది కాదు. ప్లాస్టిక్ ఫ్లోరింగు సరుకు కస్టమ్సు పద్దుల్లో 3918 శీర్షిక కిందకు వస్తుంది. దీనిపై జి.ఎస్.టి. 2017 నవంబరులో 28 నుండి 18 శాతానికి దిగింది.

నీరు పైనుంచి కాదు, కిందినుంచి

'నూటికి నూరుపాళ్లు వాటర్‌ప్రూఫ్' అనే మాట పలకకు వర్తిస్తుంది గాని నేలకు కాదు. పలక నీటికి చెడదు. కాని సిమెంటు గచ్చులోని చెమ్మ ఆవిరి రూపంలో పైకి వస్తూనే ఉంటుంది. దానిని వినైలు పైకి పోనివ్వదు. అడుగున చిక్కుకున్న చెమ్మ జిగురును మెత్తబరుస్తుంది. పైగా కొత్త సిమెంటులో క్షారగుణం ఎక్కువ. చెమ్మతోపాటు పైకి వచ్చే ఆ క్షారం కూడ జిగురును తినేస్తుంది. ఫలితంగా అంచులు లేస్తాయి, కీళ్ల వద్ద జిగురు ఊరుతుంది. జిగురు లేని రకంలో పలక చెడకపోయినా అడుగున బూజు పట్టి గది వాసన వేస్తుంది.

కోస్తాలో దీనికి తోడు గాలిలోని తేమ. గాలి 32 డిగ్రీల సెల్సియస్ వేడితో, 80 శాతం తేమతో ఉన్నప్పుడు 28 డిగ్రీలకు చల్లబడిన ఏ ఉపరితలమైనా చెమరుస్తుంది. ఏ.సి. గదిలో నేల 24 డిగ్రీలకు చల్లబడి ఉండగా కిటికీలు తెరిస్తే నేలపై నీటి పొర కనిపించడానికి కారణం ఇదే. అటువంటి సమయంలో జిగురు రాసి పలకలు అంటించడం కోరి నష్టం తెచ్చుకోవడమే.

పాత ఇండ్లలో మరో చిక్కు ఉంది. నేలమీద నేరుగా వేసిన గచ్చు కింద ప్లాస్టిక్ షీటు పరిచే అలవాటు ఒకప్పుడు లేదు. భూమిలోని నిమ్ము సంవత్సరం పొడుగునా పైకి ఎక్కుతుంది. గోడల అడుగుభాగాన సున్నం పెచ్చులు ఊడుతూ, తెల్లని ఉప్పు పేరుకొని ఉంటే ఆ ఇంటి కింది అంతస్తులో జిగురు రకం అమ్మకపోవడమే మంచిది.

పరీక్షలు ఖర్చుతో కూడినవి కావు

నేల ఆరిందో లేదో చేత్తో తాకి చెప్పడం కుదరదు. పైన పొడిగా ఉన్న గచ్చు లోపల తడిగా ఉండవచ్చు. అన్నిటికన్న సులువైనది ప్లాస్టిక్ షీటు పరీక్ష. 18 అంగుళాల చదరపు పాలిథీన్ ముక్కను నేలపై పరిచి, నాలుగు అంచులా టేపు అంటించి కనీసం 16 గంటలు ఉంచాలి. తీసి చూసినప్పుడు షీటు కింద నీటి బొట్లు ఉన్నా, గచ్చు నల్లబడినా పని ఆపవలసిందే. అయితే షీటు పొడిగా ఉన్నంత మాత్రాన నేల పూర్తిగా ఆరినట్లు హామీ లేదు.

రెండవది క్యాల్షియం క్లోరైడు పరీక్ష. 24 గంటల్లో వెయ్యి చదరపు అడుగులకు 3 పౌన్ల ఆవిరి మించరాదని పాత లెక్క. 3 పౌన్లు అంటే దాదాపు 1.4 లీటర్ల నీరు. మధ్యరకం ఫ్లాటు నేల నుండి రోజుకు అంత నీరు పైకి వస్తున్నా అది 'ఆరిన' నేల కిందే లెక్క! ఆరని నేల సంగతి చెప్పనక్కరలేదు.

మూడవది, ఎక్కువ నమ్మదగినది, గచ్చుకు రంధ్రం వేసి లోపలి తేమను మీటరుతో కొలవడం. గచ్చు ఒకవైపు నుండే ఆరుతుంటే దాని మందంలో 40 శాతం లోతున మీటరు ఉంచి, 24 గంటల తరువాత అంకె రాసుకోవాలి. ఎంతవరకు తేమ ఉండవచ్చో జిగురు డబ్బాపైన గాని, కంపెనీ కాగితాల్లో గాని ఉంటుంది. ఆ అంకెను చదవకుండా జిగురు అమ్మరాదు.

ముహూర్తం ఆగదు, గచ్చు ఆరదు

ఈ వ్యాపారంలో అసలైన ఒత్తిడి పంచాంగం నుండి వస్తుంది. ఆషాఢం వెళ్లగానే శ్రావణ మాసపు గృహప్రవేశాలు. అప్పటికి నైరుతి రుతుపవనాలు జోరు మీద ఉంటాయి. తరువాత కార్తీకం. అది కోస్తాకు ఈశాన్య రుతుపవనాల, తుపానుల కాలం. యజమానికి ముహూర్తం ముఖ్యం, బిల్డరుకు తాళాలు అప్పగించడం ముఖ్యం, ఫిట్టరుకు కూలి ముఖ్యం. చివరికి ఆరని గచ్చుపై పడే పలకల పూచీ దుకాణదారు నెత్తిన పడుతుంది.

గచ్చు అంగుళం మందానికి ఒక నెల ఆరాలని పనివారి లెక్క. 4 అంగుళాల గచ్చుకు 4 నెలలు. అది కూడ గాలి ఆడి, వాన పడకుండా ఉన్నప్పుడే. కోస్తా గాలిలో ఇంకా ఎక్కువ పడుతుంది. కనుక శ్రావణంలో పలకలు పరచదలచినవారి గచ్చు పని చైత్రం నాటికైనా ముగియాలి. ఆర్డరు పుచ్చుకునేటప్పుడే గచ్చు వేసిన తేదీని అడిగి పుస్తకంలో రాసుకుంటే సగం తగాదాలు పుట్టకముందే పోతాయి. గడువు చాలనిచోట చెమ్మను అడ్డుకునే ఎపాక్సీ పూత వేయించవచ్చు. ఆ ఖర్చు ముందే చెప్పాలి.

పరిచే పద్ధతి

పెట్టెలను పరిచే గదిలోనే 48 గంటలు బల్లపరుపుగా ఉంచాలి. గోడౌనులో కూడ నిలబెట్టరాదు. రేకుల షెడ్డు వేడికి పలకలు వంగుతాయి. ఒకే గదికి ఒకే లాటు నంబరు సరుకు ఇవ్వాలి, లేకుంటే రంగులో తేడా బయటపడుతుంది. తరుగు కింద 5 నుండి 10 శాతం అదనంగా లెక్కించాలి.

నేల 10 అడుగుల నిడివిలో 5 మిల్లీమీటర్లకు మించి ఎగుడుదిగుడు ఉండరాదు. పాత మొజాయిక్, బండల నేలపై పరిచేటప్పుడు సందులను పూడ్చాలి. లేకపోతే ఎస్.పి.సి. పలకల గాళ్లు అడుగు పడినప్పుడల్లా వంగి విరుగుతాయి. కింది అంతస్తులో కంపెనీ అనుమతించినచోట పాలిథీన్ షీటును ఒకదానిపై ఒకటి 8 అంగుళాలు ఎక్కేటట్లు పరచాలి.

ఎస్.పి.సి. రకానికి గోడ పొడుగునా 6 మిల్లీమీటర్ల సందు వదిలి స్కర్టింగుతో కప్పాలి. ఎండ నేరుగా పడే బాల్కనీ తలుపుల వద్ద ఈ సందు లేకపోతే పలకలు వ్యాకోచించి గుట్టలా లేస్తాయి. వంటగది అరమరలను ఈ పలకలపై బిగించరాదు. జిగురు రకంలో నీటితో కలిపిన జిగుళ్లు చాలావరకు తెల్లగా ఉండి, ఆరిన కొద్దీ పారదర్శకమవుతాయి. వానాకాలంలో ఇందుకు ఎక్కువ సేపు పడుతుంది. తెలుపు పోకముందే పలక వేస్తే ఆ నీరు అడుగునే ఉండిపోతుంది. వినైలు నేలలు పరచడానికి భారతీయ ప్రమాణాల సంస్థ వారి ఐ.ఎస్. 5318 నియమావళి ఉన్నదని కూడ వర్తకులు గుర్తుంచుకోవాలి.

అప్పగింతల సమయంలో ఇల్లాలికి చెప్పవలసిన మాటలు కొన్ని ఉన్నాయి. బిందెలతో నీళ్లు పోసి కడగరాదు, పిండిన గుడ్డతో తుడవాలి. హారతి కర్పూరం, అగరువత్తి నిప్పు పడితే మచ్చ పోదు. రబ్బరు అడుగున్న పట్టాలు వేస్తే కొంతకాలానికి పసుపు చారలు పడతాయి.

వరద వచ్చినప్పుడు

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో అనేక కాలనీలు నీట మునిగాయి. ఇటువంటి మునకలో ఎస్.పి.సి. పలక పాడు కాకపోవచ్చు, కాని అడుగున చేరిన మురుగు నీరు తనంతట తాను పోదు. పలకలను విప్పి, నేలను కడిగి ఆరబెట్టి, తిరిగి బిగించాలి. జిగురు లేని రకానికి ఈ వీలుంది, జిగురు రకానికి లేదు. ముంపు ప్రాంతాల వర్తకులు ఈ తేడాను కొనుగోలుదారుకు ముందే చెప్పడం మేలు.

పూచీ ఎవరిది?

పలక లోపానికి కంపెనీ పూచీ ఇస్తుంది. నేల చెమ్మ వల్ల కలిగిన నష్టాన్ని వారంటీ కాగితాలు సాధారణంగా మినహాయిస్తాయి. ఫిట్టరు చేతిలో రశీదు ఉండదు. ఇక మిగిలేది దుకాణదారు. 2020 జూలైలో అమలులోకి వచ్చిన 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కొనుగోలుదారు తాను నివసించే జిల్లా కమిషనులోనే ఫిర్యాదు చేయవచ్చు. విశాఖ వర్తకుడు శ్రీకాకుళం ఖాతాదారు కోసం శ్రీకాకుళం పోవలసి రావచ్చు. రాకపోకల ఖర్చు ఆ బేరంలో మిగిలిన లాభాన్ని మింగివేస్తుంది.

ఇందుకు విరుగుడు ఒక్క కాగితం. గచ్చు వేసిన తేదీ, పరీక్ష జరిపిన తేదీ, తేమ అంకె, సరుకు లాటు నంబరు, పరిచిన ఫిట్టరు పేరు రాసి, యజమాని సంతకం తీసుకోవాలి. తేమ ఎక్కువగా ఉందని చెప్పినా ముహూర్తం కోసం పరచమన్నట్లయితే ఆ మాట కూడ రాయించాలి. అలా రాయడానికి యజమాని వెనుకాడితే ఆర్డరును నెల రోజులు వాయిదా వేయడమే లాభం.

మొత్తంమీద కోస్తాలో ఈ సరుకుకు మార్కెట్టు ఉంది. చెదలు తినదు, టైలు కన్న తేలిక, పాత నేలను తవ్వకుండానే పని ముగుస్తుంది. మాఘం నుండి వైశాఖం వరకు పొడి నెలల్లో పరిచే పనులు పెట్టుకుని, వర్షాల్లో బుకింగులు, నమూనాల పని చూసుకునే వర్తకునికి ఇది నిలకడైన వ్యాపారం. ముహూర్తానికి తలవంచి తడి నేలపై పలకలు వేయించేవారికి మాత్రం ఒక సీజను అమ్మకం మరుసటి సీజను వాపసు కింద తిరిగి వస్తుంది.