గ్లాసుడు చాయ్, గంపెడు చరిత్ర

మన క్యాంటీన్‌లో రోజు మొత్తం మీద ఎక్కువసార్లు వినిపించే మాట ఏంటో ఎప్పుడైనా గమనించారా? "అటెండెన్స్" అనుకుంటే పొరపాటే. "అన్నా, రెండు చాయ్!" అన్నదే ఆ మాట. కోస్తా నుంచి వచ్చినవాళ్లు "టీ" అంటారు, హైదరాబాద్ వాళ్లు "చాయ్" అంటారు. పుస్తకాల్లో "తేనీరు" అని రాస్తారు. ఆ మొక్కని "తేయాకు" అంటాం. ఒక్క పానీయానికి ఇన్ని పేర్లేంటి అని అడిగితే, అక్కడి నుంచే కథ మొదలవుతుంది.

ఈ నాలుగు పేర్లనీ వడగడితే మిగిలేవి రెండే శబ్దాలు: "చా", "తే". రెండూ చైనావే. చైనా లిపిలో టీకి ఒకటే అక్షరం. దాన్ని చాలా ప్రాంతాల్లో "చా" అని పలుకుతారు. ఫుజియన్ తీరంలో మాట్లాడే మిన్ భాషలో మాత్రం "తే" అంటారు. ఒంటెల మీద, గుర్రాల మీద భూమార్గంలో ప్రయాణించిన "చా" పర్షియాకి వెళ్లి "చాయ్" అయింది. పారశీకం నుంచి ఉర్దూ, హిందీల్లోకి, అక్కడి నుంచి మన నోటికి వచ్చింది. ఫుజియన్ తీరంలో డచ్చి ఓడలెక్కిన "తే" యూరప్ వెళ్లి ఇంగ్లీషులో "టీ" అయింది. కాబట్టి తేనీటిలో ఉన్న "తే"కి, తేనెకి ఏ చుట్టరికమూ లేదు. ఓడలో వచ్చిన మాటొకటి, భూమార్గంలో వచ్చిన మాటొకటి, రెండూ మన భాషలో పక్కపక్కనే కూర్చున్నాయి.

మాటలు ఇంత హాయిగా కలిసిపోయాయి కాబట్టి, టీ కూడా మజ్జిగలాగా, పానకంలాగా మన తాతముత్తాతల నాటిదే అనుకుంటాం. కాదు. మామూలు ఇళ్లలో రోజూ పొద్దున్నే టీ పెట్టుకోవడం అనే అలవాటుకి మన దగ్గర దాదాపు వందేళ్ల వయసు, అంతే. అది మన గ్లాసు దాకా రావడానికి ముందు ఒక యుద్ధం జరిగింది. ఒక దేశానికి మత్తు అలవాటైంది. లక్షలమంది సొంత ఊళ్లు వదిలి కొండల్లోకి వెళ్లారు.

ఇంగ్లండ్‌కి అంటుకున్న అలవాటు

టీ చైనాలో వేల ఏళ్ల నుంచీ ఉంది. ఎనిమిదో శతాబ్దంలోనే లు యూ అనే ఆయన టీ మీద ఏకంగా ఒక శాస్త్రగ్రంథం రాశాడు. ఇంగ్లండ్‌కి మాత్రం ఇది చాలా ఆలస్యంగా చేరింది. లండన్‌లో డైరీ రాసుకున్న శామ్యూల్ పీప్స్ మొదటిసారి టీ తాగింది 1660 సెప్టెంబర్‌లో. రెండేళ్ల తర్వాత రాజు రెండో ఛార్లెస్‌ని పెళ్లాడిన పోర్చుగీసు రాకుమారి కేథరిన్‌కి టీ అంటే ఇష్టం. రాణిగారు తాగితే దర్బారు తాగుతుంది, దర్బారు తాగితే డబ్బున్నవాళ్లు తాగుతారు. మొదట్లో అది బాగా ఖరీదైన వస్తువు. పైగా పన్నుల మోత. 1784లో ఇంగ్లండ్ ప్రభుత్వం టీ మీద పన్నుని 119 శాతం నుంచి 12.5 శాతానికి దించేసరికి, దొంగ సరుకు వ్యాపారం కుప్పకూలింది, టీ కూలివాడి ఇంటికి కూడా వచ్చేసింది.

పరిశ్రమలు పుట్టుకొస్తున్న రోజులవి. ఫ్యాక్టరీలో పన్నెండు గంటలు నిలబడేవాడికి వేడివేడిగా, తియ్యగా, నిద్ర పట్టనివ్వకుండా ఉండే పానీయం దొరికింది. నీళ్లు మరిగించి తాగడం వల్ల కడుపుకీ మేలే. ఇక అందులో వేసుకునే పంచదార ఎక్కడిది? కరీబియన్ దీవుల్లో ఆఫ్రికా బానిసలు పండించిన చెరకుది. కప్పులోని ఆకు ఒక ఖండానిది, తీపి ఇంకో ఖండానిది, తాగేవాడు మూడో ఖండంలో ఉన్నాడు.

మధ్యలో అమెరికా సంగతి కూడా ఒక మాట చెప్పుకోవాలి. 1773 డిసెంబర్ 16 రాత్రి బోస్టన్ రేవులో 342 టీ పెట్టెలని సముద్రంలో పారేశారని చదువుకున్నాం కదా. ఆ టీ చైనాలో పండింది, దాన్ని పంపింది మనకి బాగా తెలిసిన ఈస్టిండియా కంపెనీ. అంటే మన దేశాన్ని ఏలుతున్న కంపెనీ సరుకు మీద కోపమే అమెరికా స్వాతంత్ర్య పోరాటానికి నిప్పంటించినవాటిలో ఒకటి.

వెండి పోయి నల్లమందు వచ్చె

ఇప్పుడు లెక్క దగ్గరికి వద్దాం. ఇంగ్లండ్‌కి కావలసిన టీ అంతా చైనా దగ్గరే ఉంది. చైనాకి కావలసినది మాత్రం ఇంగ్లండ్ దగ్గర పెద్దగా ఏమీ లేదు. ఉన్ని బట్టలు తెచ్చి చూపిస్తే వాళ్లకి నచ్చలేదు. 1793లో మెకార్ట్‌నీ అనే రాయబారి గడియారాలు, దూరదర్శినులు, రకరకాల యంత్రాలు పట్టుకుని చక్రవర్తి చియన్‌లాంగ్ దగ్గరికి వెళ్లి వ్యాపారానికి ఇంకొన్ని రేవులు తెరవమని అడిగితే, మాకు అవసరం లేదు పొమ్మన్నాడు. కాంటన్ అనే ఒక్క రేవులోనే వ్యాపారం, అదీ ఎక్కువగా వెండి ఇచ్చి కొనుక్కోవాల్సిందే. ఏటేటా ఓడలకి ఓడలు వెండి చైనాకి వెళ్లిపోతోంది. ఇప్పటి భాషలో దీన్నే ట్రేడ్ డెఫిసిట్ అంటాం.

ఈ లోటుని పూడ్చడానికి కంపెనీ కనిపెట్టిన ఉపాయం నల్లమందు. దాన్ని పండించింది మన దేశంలోనే. బీహార్‌లో, బెనారస్ చుట్టుపక్కల రైతులకి ముందే అడ్వాన్సులిచ్చి గసగసాల పంట వేయించేవారు. పండిన సరుకంతా కంపెనీకే, అదీ కంపెనీ చెప్పిన ధరకే ఇవ్వాలి. పాట్నా, ఘాజీపూర్ ఫ్యాక్టరీల్లో దాన్ని ఉండలు చేసి పెట్టెల్లో సర్దేవారు.

ఆ తర్వాతి ఏర్పాటే అసలు తెలివి. చైనాలో నల్లమందు నిషేధం. కంపెనీ ఓడలో అది దొరికితే టీ వ్యాపారానికే ఎసరు. అందుకని కంపెనీ ఆ సరుకుని తన ఓడల్లో ఎక్కించలేదు. కలకత్తాలో వేలం వేసి ప్రైవేటు వర్తకులకి అమ్మేసి చేతులు దులుపుకుంది. వాళ్లు దొంగతనంగా చైనా తీరంలో దించి వెండి తీసుకునేవారు. ఆ వెండిని కాంటన్‌లోని కంపెనీ ఖజానాలో కట్టి, లండన్‌లోనో కలకత్తాలోనో డబ్బు తీసుకునేలా హుండీలు రాయించుకునేవారు. కంపెనీ అదే వెండితో టీ కొనేది. కాగితాల మీద చూస్తే కంపెనీకి, మత్తుమందుకి సంబంధమే లేదు. లెక్కలు చూస్తే మాత్రం ఇంగ్లండ్‌లో మరిగే టీకి బీహార్ రైతు, చైనా వ్యసనపరుడు కలిసి డబ్బు కడుతున్నారు. 1838 నాటికి చైనాలోకి వెళ్లే నల్లమందు ఏడాదికి దాదాపు 40,000 పెట్టెలకి చేరింది. ఒక్కో పెట్టెలో సుమారు 60 కిలోల సరుకు.

వానలో పేలని తుపాకులు

1839లో చైనా చక్రవర్తి లిన్ జెషూ అనే నిజాయితీపరుడైన అధికారిని కాంటన్‌కి పంపాడు. ఆయన విదేశీ వర్తకుల దగ్గరున్న 20,000 పైచిలుకు పెట్టెలని స్వాధీనం చేసుకుని, గుంటలు తవ్వించి, ఉప్పు, సున్నం, నీళ్లు కలిపి ఆ నల్లమందుని కరిగించి సముద్రంలోకి వదిలించాడు. దానికే మూడు వారాలు పట్టింది. వర్తకుల నష్టాన్ని సాకుగా చూపి బ్రిటన్ యుద్ధనౌకలు పంపింది. చరిత్రలో దీన్ని మొదటి నల్లమందు యుద్ధం అంటారు.

ఆ యుద్ధంలో బ్రిటిష్ వాళ్ల తరఫున పోరాడినవారిలో మద్రాసు సైన్యం 37వ నేటివ్ పదాతిదళం ఉంది. తెలుగువాళ్లు, తమిళులు పెద్ద సంఖ్యలో పనిచేసిన సైన్యమది. 1841 మేలో కాంటన్ దగ్గర సాన్‌యువాన్‌లి అనే చోట ఈ దళంలోని ఒక కంపెనీ సిపాయిలు కుండపోత వానలో దారి తప్పి, ఈటెలు పట్టుకొచ్చిన గ్రామస్థుల మధ్య చిక్కుకున్నారు. వాళ్ల చేతుల్లో ఉన్నవి చెకుముకి రాయి తుపాకులు. రాయి రాపిడికి రవ్వ పుట్టి మందు అంటుకోవాలి. మందు తడిస్తే తుపాకీ కర్రతో సమానం. వానకి పెద్దగా జంకని కొత్తరకం పర్కషన్ క్యాప్ తుపాకులున్న బ్రిటిష్ మెరైన్లు వెతుక్కుంటూ వచ్చి కాపాడారు. బతుకుతెరువు కోసం సైన్యంలో చేరిన దక్షిణాది సిపాయి ఒకడు, ఎప్పుడూ టీ రుచి కూడా చూడనివాడు, టీ లెక్కల కోసం చైనా పొలాల్లో తడిసి నిలబడ్డాడన్నమాట.

1842లో నాన్‌జింగ్ సంధితో యుద్ధం ముగిసింది. చైనా అయిదు రేవులు తెరిచింది, 2.1 కోట్ల వెండి డాలర్లు కట్టింది, హాంకాంగ్‌ని ఇచ్చేసింది. ఆ హాంకాంగ్ తిరిగి చైనా చేతికి వచ్చింది 1997లో!

అస్సాంకి ఒప్పందం మీద

ఎంత గెలిచినా ఆకు కోసం చైనా మీద ఆధారపడటం బ్రిటన్‌కి నచ్చలేదు. అస్సాం కొండల్లో సింగ్‌ఫో తెగవాళ్లు అప్పటికే అడవి తేయాకుని కాచుకుని తాగుతున్నారు. మణిరామ్ దివాన్ అనే స్థానిక ప్రముఖుడు చెప్పగా 1823లో రాబర్ట్ బ్రూస్‌కి ఆ సంగతి తెలిసింది. 1839 జనవరిలో అస్సాం టీ మొదటిసారి లండన్ వేలానికి వచ్చింది. ఇక దారి చూపించిన మణిరామ్ ఏమయ్యాడు? సొంతంగా తోటలు వేసిన తొలి భారతీయుడయ్యాడు. 1857 తిరుగుబాటుకి కుట్ర చేశాడన్న నేరం మీద 1858 ఫిబ్రవరిలో ఉరికంబం ఎక్కాడు.

తోటలకి భూమి దొరికింది, పనివాళ్లు దొరకలేదు. దాంతో ఛోటా నాగపూర్, ఒడిశా ప్రాంతాల నుంచి, మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి కరువులో ఉన్న జనాన్ని ఒప్పందాల మీద తీసుకెళ్లారు. దారిలోనే కలరాతో, జ్వరాలతో చాలామంది పోయారు. 1882 చట్టం ప్రకారం ఒప్పందం గడువు అయిదేళ్ల దాకా ఉండొచ్చు. ఈలోగా పారిపోయిన కూలీని తోట యజమాని వారెంటు లేకుండానే పట్టుకోవచ్చు. అది కాగితం మీద ఉద్యోగం, తోటలో ఖైదు. 1921లో చార్గోలా లోయ తోటల నుంచి వేలమంది కూలీలు ఇక మా ఊళ్లకి పోతామంటూ నడక మొదలుపెడితే, చాంద్‌పూర్ రైల్వేస్టేషన్‌లో నిద్రపోతున్నవాళ్ల మీదికి సైనికులని వదిలారు. ఆనాడు వెళ్లినవాళ్ల వారసులు, తెలుగు మాట్లాడే కుటుంబాలతో సహా, ఇవాళ్టికీ అస్సాంలో ఉన్నారు.

మనకి చాయ్ ఎలా అలవాటైంది?

విచిత్రం ఏంటంటే, ఇంత టీ పండిస్తున్నా మనవాళ్లు తాగేవాళ్లు కాదు. పండిందంతా ఎగుమతే. 1929 తర్వాత ప్రపంచమంతటా ఆర్థిక మాంద్యం వచ్చి ధరలు పడిపోయేసరికి, తోటల యజమానుల చూపు ఇంటి ముందున్న కోట్లమంది మీద పడింది. టీ మీద వేసిన సెస్సు డబ్బుతో దేశమంతా ప్రచారం మొదలైంది. రైల్వేస్టేషన్లలో స్టాళ్లు, ఊళ్లలో టీ కాచి చూపించే ప్రదర్శనలు, స్థానిక భాషల్లో పోస్టర్లు. టీ ఎలా కాయాలో బొమ్మలతో సహా నేర్పారు. ఇంకోపక్క గాంధీగారు టీ ఆరోగ్యానికి మంచిది కాదని రాస్తూనే ఉన్నారు.

మనవాళ్లు టీ తీసుకున్నారు గానీ పాఠం తీసుకోలేదు. టీ బండివాళ్లు పాలు దండిగా పోసి, పంచదార దట్టించి, అల్లం, యాలకులు వేసి పొంగించారు. ఆకు తక్కువ వాడుతున్నారని ప్రచారకులు మొత్తుకున్నా ఎవరూ వినలేదు. హైదరాబాద్‌లో ఇరాన్ నుంచి వచ్చినవాళ్లు హోటళ్లు పెట్టి, డికాక్షన్ వేరే, చిక్కటి పాలు వేరే కాచి కలిపే ఇరానీ చాయ్‌ని ఆ ఊరి సొత్తు చేశారు.

ఈ మరిగించే పద్ధతికి సరిగ్గా సరిపోయిన యంత్రం ఒకటుంది. 1930లో అస్సాంలోని ఆమ్‌గురి తోటలో విలియం మెకర్చర్ తయారుచేసిన సీటీసీ యంత్రం. నలపడం, చీల్చడం, చుట్టడం అన్న మూడు ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలే ఆ పేరు. వాడబెట్టిన ఆకుని పళ్లున్న రెండు రోలర్ల మధ్య నుంచి పంపిస్తారు. రెండూ వేర్వేరు వేగాలతో తిరుగుతాయి కాబట్టి ఆకు నలగడంతో పాటు చీలిపోతుంది. కణాలు పగిలి, లోపలి రసం ఎంజైముతో, గాలిలోని ఆక్సిజన్‌తో కలుస్తుంది. కోసిపెట్టిన యాపిల్ ముక్క నల్లబడటం లాంటి చర్యే ఇది. పేరుకి ఫర్మెంటేషన్ అంటారు గానీ సూక్ష్మజీవుల పనేమీ లేదు. చిన్న గింజలు కాబట్టి ఉపరితల వైశాల్యం ఎక్కువ. రంగు త్వరగా దిగుతుంది, ఎన్ని పాలు పోసినా రుచి నిలబడుతుంది, కిలోకి ఎక్కువ కప్పులొస్తాయి. 1950ల తర్వాత ఇది విస్తరించడంతో చాయ్ నిజంగా అందరిదీ అయింది.

ఇవాళ మన దేశంలో పండే టీలో నాలుగింట మూడొంతులకి పైగా తాగేది మనమే. నాకు ఈ కథలో అన్నిటికంటే ముఖ్యంగా అనిపించే విషయం ఇదే. ఒకప్పుడు కప్పు చౌకగా ఉండాలని కోరుకున్నవాడు లండన్‌లో ఉన్నాడు, ఆ చౌకదనం ఖరీదు ఇంకెవరో కట్టారు. కట్టినవాళ్ల మొహం తాగినవాడికి ఎప్పుడూ కనబడలేదు. ఇప్పుడు ఆ కొనేవాడి కుర్చీలో కూర్చున్నది మనం. వెన్నుమీద బుట్ట తగిలించుకుని రెండాకులు, ఒక మొగ్గ తుంచే మనిషికి రోజుకి ఎంత గిట్టుబాటవుతోంది, ఆమె పిల్లలు ఏ బడికి వెళ్తున్నారు అన్న ప్రశ్నలు ఇక బ్రిటిష్ వాళ్లని అడిగేవి కావు.

చాయ్ మానేయమని కాదు. మానేస్తే ఆ బుట్ట మోసే మనిషికి ఒరిగేదేమీ లేదు. తాగుదాం. కాకపోతే తోట కూలీల వేతనాల గొడవ అంటూ ఎక్కడైనా వార్త కనిపిస్తే, అది ఎక్కడో అస్సాం సంగతిలే అని వేలితో పైకి తోసేయకుండా ఒక్క నిమిషం ఆగి చదువుదాం.